పైకప్పు దాకా లేని గోడ

గోడౌన్ అద్దెకు తీసుకునే ముందు ఏం చూసుకోవాలని మా వాళ్లలో ఎవరడిగినా నా దగ్గరికే పంపిస్తారు. నేనూ చెబుతాను. మిట్టమధ్యాహ్నం వెళ్లి, షట్టర్లు దించేసి, లోపల చీకట్లో నిలబడి పైకి చూడమంటాను. రేకుల్లో ఎక్కడ చిల్లుంటే అక్కడ వెలుగు చుక్క కనబడుతుంది. లారీ తిరిగే చోటుందో లేదో అడుగులతో కొలవమంటాను. నేల రోడ్డు కన్నా ఎత్తులో ఉందా, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది, అన్నీ చెబుతాను. వాళ్లు బుద్ధిగా ఫోన్లో రాసుకుంటారు. అసలు సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది ఎండు చేపల వ్యాపారం. బందరు వైపు రేవుల్లో మా ఆయన సరుకు కొని పంపిస్తారు, బెజవాడలో నేను అమ్ముతాను. ఆ ఏడాది వేసవిలో ఎండలు దంచి కొట్టాయి. నెత్తళ్లు, రొయ్యలు గలగలలాడేలా ఎండాయి. చేతిలో ఉన్నదంతా వాటి మీదే పెట్టేశాం. సరిగ్గా అప్పుడే పాత షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. వానలు నెత్తి మీదకొచ్చేశాయి. ఎండు చేప ఒకసారి చెమ్మ పట్టిందంటే ఇక ఎవరూ బాగు చేయలేరు. వానాకాలం గడిచేదాకా పొడిగా ఉండే చోటు దొరక్కపోతే మా వేసవంతా వానపాలే.

భవానీపురంతో మొదలుపెట్టి నాలుగు చోట్ల అడిగాను. "ఏం సరుకండీ?" అనేవారు. చెప్పగానే ముఖం మారిపోయేది. ఒకాయనైతే, "అబ్బే, మీరు ఖాళీ చేసి పోయినా ఆ కంపు పోదండీ" అని నా ముఖం మీదే అన్నాడు. పులుసు పెడితే లొట్టలేసుకుంటూ తినేవాళ్లే, సరుకు దాచుకోవడానికి కాస్త చోటిమ్మంటే ముక్కు మూసుకుంటారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఐదో చోటికి వెళ్లాను.

అది ఒకే పెద్ద షెడ్డు. మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. యజమాని ఉయ్యూరు వైపు చెరకు రైతు, మర్యాదస్తుడు. తాళం తీస్తూనే చెప్పాడు.

"పక్క వాటాలో మంగళగిరి పెద్దాయన ఉన్నారండీ. చేనేత చీరలు. అందుకని వాసనొచ్చే సరుకైతే మాత్రం ఇవ్వలేనండీ. మీదేం సరుకు?"

"కోళ్ల దాణా అండీ," అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. పూర్తి అబద్ధమేం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా సరుకులో నలిగిందీ విరిగిందీ దాణా మిల్లులకే పోతుంది మరి. అగ్రిమెంటులో ఆ మాటే టైపు చేయించారు. సంతకం పెట్టేశాను. వెలుగు చుక్కల కోసం అంతసేపు తలెత్తి చూసినదాన్ని, మధ్యగోడ పైన ఎక్కడ ఆగిపోయిందో చూడలేదు. అది పైకప్పు దాకా లేదు. రెండడుగుల ఖాళీ ఉంది.

సరుకు దించి, గోనెల మీద పట్టాలు కప్పేశాను. పక్క వాటా పెద్దాయనతో పరిచయమైంది. నాలాగే ఆయనా పొద్దున్నే వచ్చేవారు. తెల్ల పంచె, చేతిలో చిన్న ఫ్లాస్కు. "దాణా అమ్మగారూ, టీ తాగుతారా?" అని మూతలో పోసి ఇచ్చేవారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. ఆయన దాణా అమ్మగారూ అన్నప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకునేదాన్ని. అయినా తాగేదాన్ని. నెల రోజులు ఏ గొడవా లేకుండా గడిచింది.

తరవాత ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. గాలంతా చెమ్మ. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే పెరిగినదాన్ని, నా ముక్కుకు తేడా తెలియలేదు. ఐదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి పెద్దాయన షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. వరండా నిండా చీరల మూటలు. ఆయన పంచె ఎగ్గట్టి, చెమటలు కక్కుతూ ఒక్కో మూటా బయటికి లాగుతున్నారు.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"ఎలుక చచ్చిందమ్మా, ఎక్కడో మూటల్లో. నిన్న షాపు వాళ్లు రెండు మూటలు వెనక్కి పంపేశారు, కంపు కొడుతున్నాయని. పన్నెండింటికి వ్యాను వస్తోంది. శ్రావణమాసం సరుకు మొత్తం దాంట్లోనే వెళ్లాలి. ఈలోగా దాన్ని పట్టుకోకపోతే నా పని అయిపోయినట్టే."

ఎలుక కాదని నాకు వెంటనే తోచింది.

"మా దాణా వాసనేమో?" అన్నాను. ఆయనే అవునంటే బాగుండునని ఒక పక్క, అనకూడదని ఇంకో పక్క.

"ఛ, తవుడూ చెక్కా అంత కంపు కొడతాయా? ఇది కుళ్లిన వాసనమ్మా. మాది నీచు ముట్టని ఇల్లు, నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఎలుకే."

నీచు ముట్టని ఇల్లు కాబట్టే ఆయనకు తెలియలేదు. మా వీధిలో ఏ ఇల్లాలైనా గుమ్మంలో నిలబడే చెప్పేసి ఉండేది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. చెబితే సాయంత్రానికి ఖాళీ చేయాలి. బయట కుండపోత. ఆరో చోటు ఎవరిస్తారు?

"నేనూ చూస్తాలెండి," అని కొంగు దోపి లోపలికి వెళ్లాను.

మూటలు జరిపాను. ఫోన్ లైటు వేసి మూలలన్నీ చూశాను. చెక్క బల్లల కింద చెయ్యి పెట్టి తడిమాను. భగవంతుడా, ఇంత పెద్ద బెజవాడలో ఒక్క ఎలుకైనా ఇక్కడికొచ్చి చావకూడదా అని మొక్కుకున్నాను. నిజంగా మొక్కుకున్నాను. ఆయన ఒక్కో మూటా విప్పి, చీర తీసి, ముఖానికి ఆనించుకుని వాసన చూసి, తల అడ్డంగా ఊపి పక్కన పెడుతున్నారు. పదకొండయింది. పైన అటక లాంటి అరలో ఇంకొన్ని మూటలున్నాయి.

"మీకు చూపు బాగుంది, నిచ్చెనెక్కి కాస్త చూడండమ్మా. నేను పట్టుకుంటాను," అన్నారు.

ఎక్కాను. పై మెట్టు మీద నిలబడేసరికి నా ముఖం సరిగ్గా ఆ ఖాళీకి ఎదురుగా వచ్చింది. గోడ అవతల నా గోనెలు, వాటి మీద నేను కప్పిన నీలం పట్టాలు. పట్టా ఒక మూల తొలగిపోయి ఉంది. అప్పుడు, మొదటిసారి, నాకూ వాసన తగిలింది.

"ఏమైనా కనబడిందా అమ్మా?" కింద నుంచి ఆయన.

"ఏం లేదండీ."

దిగాను. ఆయన నిచ్చెన వదిలి, పక్కకు పెట్టిన ఆఖరి మూటల వైపు తిరిగారు. అవి పెళ్లి చీరలు, ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా కట్టి ఉంచినవి. కత్తెర తీశారు.

"వీటిలోనే ఉండుంటుంది. ఇవీ విప్పేద్దాం. దొరక్కపోతే మొత్తం ఉతికించడమే." విప్పిన చీరల వైపు చూశారు. "నీళ్లలో పడ్డాక కొత్త చీర అని ఎవరంటారమ్మా? గంజి పోతే పాత గుడ్డే."

ఆ కవర్లలో ఉన్నవి మాత్రమే బాగున్నాయి. విప్పితే అవీ పోతాయి. కత్తెర మొదటి తాడు మీద పెట్టారు.

"ఆగండి బాబాయ్ గారూ. ఎలుక లేదు," అన్నాను. "అది మా సరుకు. దాణా కాదు, ఎండు చేపలు. మధ్యగోడ పైన ఖాళీ ఉంది, అక్కణ్ణుంచి వస్తోంది."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. నాకూ నోరుంది. నాలుగు చోట్ల కాదన్నారనీ, మా పొట్టలు కొడితే మేమెక్కడికి పోవాలనీ అరిచేదాన్ని. ఆ మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఉన్నాయి.

ఆయన తిట్టలేదు. కత్తెర కింద పెట్టి, విప్పిన చీరల మధ్య చతికిలబడ్డారు.

"చేపలని చెప్పుకోలేకపోయారు. సరేనమ్మా, మీ తిప్పలు మీవి," అన్నారు. "మరి పొద్దుటి నుంచీ నాతో పాటు ఎలుకని ఎందుకు వెతికారు?"

కింద పడున్న చీర ఒకటి తీసి మడవబోయాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, వ్యాను అతన్ని రావద్దని చెప్పడానికి ఫోన్ తీశారు. నేను వరండాలోకి వచ్చి, ఆ వానలోనే మా సరుకు ఎత్తేయడానికి లారీకి ఫోన్ చేశాను.