ట్రంక్ ఆపరేటరు కొన్న గేమింగ్ కంప్యూటర్

2023 జూన్. తెనాలిలో నేను కంప్యూటర్ల షాపు పెట్టి అప్పటికి పదిహేడేళ్ళు. మొదట్లో ఇంటర్నెట్ సెంటర్లకీ జిరాక్సు షాపులకీ మెషీన్లు బిగించేవాణ్ణి. ఈమధ్య నా అమ్మకాల్లో సగం గేమింగ్ కంప్యూటర్లే. పేరు గేమింగే గానీ కొనేవాళ్ళందరూ ఆటలాడరు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళూ, కట్టబోయే ఇంటిని ముందే కట్టినట్టు తెర మీద చూపించే త్రీడీ పనివాళ్ళూ కూడా వీటినే కొంటారు. కారణం గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మను తయారుచేసేది అదే. కార్డు ఎంత పెద్దదైతే పని అంత తొందరగా తెములుతుంది.

ఏ కంపెనీ మెషీను మంచిదని ఎవరైనా అడిగితే నాకు పూనకం వచ్చేది. ఒకే ధరకి ఎవరు ఎంత కార్డు ఇస్తున్నారు, ఎవరు లోపల కరెంటు అందించే పవర్ సప్లైని నాసిరకంది పెట్టి పైన రంగుల లైట్లతో కళ్ళు కప్పుతున్నారు, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాణ్ణి. పెట్టిన డబ్బుకి దక్కే ఈ సరుకునే మా వ్యాపారంలో వాల్యూ అంటారు. ఈ చుట్టుపక్కల వాల్యూ గురించి నాకన్నా తెలిసినవాడు లేడని నా నమ్మకం. నమ్మకమంటే పొగరేననుకోండి.

ఒకరోజు పొద్దున, బాపట్ల వైపు నుంచి వచ్చే రైలు దిగి ఒక పెద్దావిడ నేరుగా మా షాపుకి వచ్చారు. నేత చీర, భుజాన జిప్పు సంచీ.

"వందనాలు బాబూ. నా పేరు ఎస్తేరు రాణి. మా అమ్మాయికి గేమింగ్ కంప్యూటర్ కావాలి."

"అమ్మాయి గేమ్స్ ఆడుతుందాండి?"

"ఆడదు. ఇళ్ళ బొమ్మలు చేస్తుంది. ఇల్లు గడిచేది దాని పనితోనే."

అమ్మాయి పేరు మెర్సీ. కాపురం రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో. ఏడాది నిండని పాప ఉంది కాబట్టి ఇంట్లోంచే హైదరాబాదులోని ఒక ఆఫీసుకి త్రీడీ బొమ్మలు చేసి పంపుతుంది. అల్లుడు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, కానీ అక్కడ జీతం ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. ఫిబ్రవరిలో మెర్సీ పాత మెషీను చెడిపోతే సర్వీసు సెంటరు వాళ్ళు పంతొమ్మిది రోజులు తమ దగ్గరే ఉంచుకున్నారు. పని ఆగిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు.

నేను మూడు కంపెనీల కాగితాలు ముందు పరిచాను. నాలుగోది నేనే విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే మెషీను, దాన్ని అసెంబుల్డ్ అంటాం. ఇంక మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను.

"అదంతా తర్వాత చెప్దురుగాని బాబూ. వీళ్ళ ఫోన్ నెంబర్లు ఇవ్వండి. మెషీను చెడిపోతే చేస్తారే, ఆ నెంబర్లు."

"అవి చెడిపోయాక కదండీ పనికొచ్చేది?"

"చెడిపోయాక తెలుసుకుంటే ఏం లాభమండీ?"

అప్పుడు చెప్పారు, ఆవిడ టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారని. మొదటి పదేళ్ళూ ట్రంక్ బోర్డు మీద. ఆ రోజుల్లో వేరే ఊరికి ఫోన్ చేయాలంటే ఎక్స్ఛేంజిలో బుక్ చేసుకుని కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, అన్నిటికన్నా ముందు లైట్నింగ్ కాల్. ప్రతి కాల్‌కీ ఆపరేటరు ఒక టికెట్ రాసి, ఊరు తర్వాత ఊరు లైను కలుపుకుంటూ వెళ్ళాలి. "అవతలి మనిషి పని చేస్తాడో లేదో హలో అన్నప్పుడే తెలిసిపోద్ది బాబూ," అన్నారు. నెంబర్లు రాసిచ్చి పంపాను. మనసులో నవ్వుకున్నాను కూడా.

మూడు వారాల తర్వాత పొడుగాటి నోటుపుస్తకంతో వచ్చారు. కొనకుండా కంపెనీలకి ఫోన్ చేస్తే వాళ్ళు మెషీను సీరియల్ నెంబరు అడుగుతారు గదా, ఎలా చేశారండీ అన్నాను. ఆవిడ చేసిన పని విని నోరు తెరిచాను. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలప్పుడు పాస్టరుగారితో చెప్పించారట, "ఎవరి కంప్యూటరైనా కంప్లైంటులో ఉంటే ఎస్తేరు రాణి అమ్మగారిని కలవండి" అని. బాపట్లలో చదువుకునే పిల్లలు ముగ్గురు దొరికారు. ముగ్గురివీ గేమింగ్ మెషీన్లే, నేను చూపించిన ఆ మూడు కంపెనీలవే, నెలలుగా మూలపడి ఉన్నవి. ఆ కంప్లైంట్లన్నీ తన నెత్తిన వేసుకుని ఆవిడే ఫోన్లు చేశారు.

పుస్తకంలో కంపెనీకి ఒక పేజీ. పైన కంపెనీ పేరు లేదు, తనతో పనిచేసిన ఆపరేటర్ల పేర్లున్నాయి. ఏ కంపెనీ తీరు ఎవరిలా ఉంటే వాళ్ళ పేరు.

"మొదటిది మా రాజ్యలక్ష్మి. గొంతు తేనె. 'మీ ఇబ్బంది మాకు అర్థమైందండి' అంటుంది. ఎవరినీ పంపకుండానే రెండుసార్లు కంప్లైంటు టికెట్ మూసేసింది. రెండోది సుందరం గారు. చెప్పిందే నలుగురికి చెప్పిస్తాడు. పనైతే అవుతుంది, మనకి ఓపిక ఉండాలి. మూడోది మేరీ కమల. నోరు గరుకు. 'ఆ రోజు కుదరదు, శుక్రవారం వస్తాడు' అని పెట్టేసింది. శుక్రవారం మనిషి వచ్చాడు."

రాజ్యలక్ష్మి కంప్లైంటు ఇంకా తెగలేదట. నా ముందే స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. అవతల ఒక అమ్మాయి గడగడా మొదలుపెట్టింది. ఆవిడ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "కాగితం చూసి చదువుతోంది. కొత్తపిల్ల," అన్నారు. తర్వాత మెత్తగా, "మీ పేరేంటమ్మా? ... ప్రియా, నీ తప్పేం లేదమ్మా. ఈ టికెట్ ఎవరో మూసేశారు. ఏమని రాసి మూశారో చదివి చెప్తావా?" అన్నారు. అవతల నిశ్శబ్దం. "ఇప్పుడు పక్కసీటు ఆవిణ్ణి అడుగుతోంది చూడండి," అన్నారు నాతో. నిజంగానే వెనకాల ఇంకో గొంతు వినిపించింది. కాసేపటికి టికెట్ మళ్ళీ తెరుచుకుంది, ఇంజనీరు సొంత ఫోన్ నెంబరుతో సహా. పదిహేడేళ్ళలో ఇంజనీరు నెంబరు నాకు ఒక్క ఫోనుతో దొరికిన పాపాన పోలేదు. నేను అరిచి సాధిద్దామని చూసేవాణ్ణి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా, అది కళ్ళారా చూశాను. ఆ మనిషి ముందు లేచి నిలబడాలనిపించింది.

అయినా వ్యాపారిని కదా, ఊరుకోలేకపోయాను. "మేరీ కమల దాంట్లో వాల్యూ లేదండి. అదే ధరకి రాజ్యలక్ష్మి ఇంకా పెద్ద కార్డు ఇస్తుంది."

"పని ఆగిన రోజున పెద్ద కార్డూ చిన్న కార్డూ ఒకటే గదా బాబూ."

మాట మార్చడానికి, నాలుగోది, నా అసెంబుల్డ్ మెషీను సంగతేంటండి అన్నాను. ఆవిడ షాపులో ఎవరూ లేకుండా చూసి, పుస్తకం మూసేశారు.

"బాపట్లలో ఫోటో స్టూడియో అతను మీ దగ్గర కొన్నాడంట గదా. పవర్ సప్లై పోయి మూడు వారాలైందంట."

"అవునండి. కంప్లైంట్ పెట్టాను. కంపెనీవాళ్ళే ఫోన్ ఎత్తట్లేదు."

"అతనూ అదే అన్నాడు. 'షాపాయన రోజూ చేస్తున్నాడండి, వాళ్ళు అలా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం' అన్నాడు. నేను ఆ పవర్ సప్లై సీరియల్ నెంబరు చెప్పి కంపెనీవాళ్ళని అడిగాను బాబూ. ఆ నెంబరు మీద కంప్లైంటే లేదన్నారు."

తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. నిజం చెప్పాలంటే ఒక్కసారి చేశాను. ఇరవై నిమిషాలు హోల్డులో పెట్టేసరికి విసుగొచ్చి కట్ చేశాను. మళ్ళీ చేయలేదు. 'కంప్లైంట్ పెట్టానండి, వాళ్ళే చేస్తారు' అనడం మా వీధిలో అందరికీ అలవాటే. దాన్ని అబద్ధమని కూడా అనుకోం.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

"బోర్డు మీద నాకు అది నాలుగో ఏడు. వాడరేవు నుంచి ఒకావిడ వచ్చి విశాఖపట్నానికి అర్జెంట్ కాల్ బుక్ చేసింది. మొగుడు అక్కడ ఆసుపత్రిలో ఉన్నాడు, మర్నాడు ఆపరేషను. లైన్లు ఖాళీ లేవు. నా డ్యూటీ అయిపోవస్తోంది. టికెట్ మీద 'జవాబు లేదు' అని రాసి మూసేశాను. అసలు అవతల మోగించనే లేదు. అందరం అప్పుడప్పుడు చేసేదే."

"తర్వాత ఏమైందండి?"

"అక్కడ అతన్ని చక్రాల కుర్చీలో తెచ్చి ఫోను పక్కనే కూర్చోబెట్టారంట, సాయంత్రం దాకా. ఆపరేషను తర్వాత అతను మళ్ళీ మాట్లాడలేదు. నెలరోజులకి ఆవిడ ఏదో పనిమీద వచ్చి నన్ను గుర్తుపట్టింది. 'లైను దొరక్కపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావమ్మా' అంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది."

ఆవిడ ఎదురుగానే నేను స్టూడియో అతనికి ఫోన్ చేసి, కంప్లైంట్ పెట్టలేదండి, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. అతను, "సరే, ఇప్పుడైనా పెడతారా మరి?" అన్నాడు. పెట్టాను. నలభై నిమిషాలు హోల్డు. ఆవిడ అంతసేపూ కూర్చుని టీ తాగారు. నాలుగో రోజున అతనికి కొత్త పవర్ సప్లై వచ్చింది. ఎస్తేరు రాణి గారు మేరీ కమల మెషీనునే కొన్నారు, అదీ మా షాపులోనే. అంత జరిగాక ఇంకో షాపుకి వెళ్ళకుండా నా దగ్గరెందుకు కొన్నారో అప్పుడు అడగలేకపోయాను.

నవంబరులో ఒక సోమవారం పొద్దున కూతురింటి నుంచి ఆవిడ ఫోన్. "లైట్నింగ్ కాల్ అనుకో బాబూ. మెర్సీ మెషీనుకి బొమ్మ రావట్లేదు. శుక్రవారానికి పని పంపాలి." అంతదాకా మీరు అన్న మనిషి మొదటిసారి నువ్వు అన్నారు. పక్కన మెర్సీ ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఫోన్లోనే ఒకటీ రెండూ చేయించి చూస్తే గ్రాఫిక్స్ కార్డు పోయిందని తేలింది. వారంటీలో ఉంది కాబట్టి కంపెనీయే మార్చాలి. ఫోన్ చేశాను. ముందు పేరు అడిగాను, ఆవిడ నేర్పినట్టే. అవతల గరుకు గొంతు, "నగరం పిన్ కోడుకి ఆన్‌సైట్ లేదండి. రేపల్లెకి ఉంది," అంది. ఆన్‌సైట్ అంటే ఇంజనీరే మన దగ్గరికి రావడం. ఏ ఊరికి వస్తాడో పిన్ కోడుని బట్టి ముందే రాసిపెట్టుకుంటారు. "బుధవారం పదింటికి రేపల్లెలో మెషీను ఉంచగలరా? లేకపోతే వారం పట్టుద్ది."

"ఉంచుతాను," అన్నాను.

బుధవారం నేను తెనాలిలో రేపల్లె రైలెక్కాను. మెర్సీ, భర్త కలిసి ఆటోలో మెషీనూ మానిటరూ తెచ్చారు. పాప తండ్రి భుజం మీద నిద్రపోతోంది. స్టేషను దగ్గర టిఫిన్ హోటలాయన్ని బతిమాలితే, గ్రైండరు ప్లగ్గు తీసి మాకు కరెంటిచ్చి, మూల టేబుల్ ఖాళీ చేయించాడు. పది దాటింది. పదీ పదికి ఇంజనీరు బ్యాగుతో దిగాడు. పలకరింపూ లేదు, టీ ఇస్తానంటే వద్దన్నాడు. అచ్చం మేరీ కమల మనిషే. పాత కార్డు పీకి కొత్తది పెట్టాడు. ఇడ్లీ తినేవాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. తెర వెలిగి, మెర్సీ సగంలో వదిలేసిన ఇల్లు వాకిలితో సహా కనబడింది. ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. అన్ని మెషీన్లు అమ్మాను గానీ, ఒక తెర వెలిగితే ఒక ఇల్లు ఇలా నిలబడుతుందని అంతకుముందు నాకు తెలియదు. పని గురువారం సాయంత్రమే హైదరాబాదు చేరింది.

డిసెంబరులో ఎస్తేరు రాణి గారు క్రిస్మస్ కేకు పట్టుకుని షాపుకి వచ్చారు. సంచీలో పుస్తకం ఉంది. ఆర్నెల్లుగా లోపల మెదులుతున్న మాట అప్పుడు అడిగేశాను.

"అమ్మా, కంపెనీలన్నిటికీ పేర్లు పెట్టారు గదా. మా షాపుకి ఎవరి పేరు పెట్టారండి?"

ఆవిడ నాలుగో పేజీ తెరిచి నా చేతికిచ్చారు. పైన పెన్సిలుతో 'ఎస్తేరు రాణి' అని ఉంది. దానికింద, 'జవాబు లేదన్నాడు. మోగించలేదు.' ఇంకా కింద పెన్నుతో కొత్తగా రాసింది, 'బుధవారం, రేపల్లె. పదీ పది. లైను కలిసింది.'

"ఆ తప్పు చేసి సిగ్గుపడ్డ మనిషి మళ్ళీ చెయ్యడు నాయనా. నాకు తెలుసు. అందుకే నీ దగ్గర కొన్నాను."

ఇప్పటికీ ఎవరైనా వస్తే కార్డుల సైజులు చెప్తాను, అది నా బలహీనత. కానీ కొనకముందే మీ పిన్ కోడు చెప్పి ఆ కంపెనీకి ఒకసారి ఫోన్ చేయండి, ఎలా మాట్లాడతారో మీరే వినండి అని నెంబరు రాసిస్తాను. నా ఫోను పక్కన ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. ఎన్నింటికి చేశాను, ఎవరు ఎత్తారు, ఏమన్నారు, అన్నీ దాంట్లో రాస్తాను. 'వాళ్ళు ఎత్తట్లేదండి' అని అప్పుడప్పుడు ఇప్పటికీ చెప్పాల్సి వస్తుంది. అవతల మోగడం నా చెవితో విన్నాకే చెప్తాను.