మాల వేసే ముందు

హరిహరుల బిడ్డా, కొండ మీద కొలువైన అయ్యప్పా, నీకు శరణు. వాన కరువైనా నీ నామానికి కరువు రానీయని స్వామీ, నీకు శరణు. మనిషి తన లోపల ఏముందో తెలియకుండానే వచ్చి నీ ముందు నిలబడతాడు. అంతా తెలిసిన నువ్వు వాడిని తోసిపుచ్చవు. ఆ దయను తలచుకునే ఈ మాటలు మొదలుపెడుతున్నాను.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా, వల్లూరు పక్కన తెలుగు మాట్లాడే ఒక పల్లె. మేము వేరుశెనగ వేసిన చేలలో ఇప్పుడు సోలార్ పలకలు వరుసలు కట్టి ఉన్నాయి. చాలా ఏళ్లుగా నేను మా ఊరికి గురుస్వామిని. కార్తీకంలో అయ్యప్ప దీక్ష పట్టేవాళ్ల మెడలో మాల వేసి, మండలమంతా పూజలు జరిపించి, వాళ్లను కొండకు తీసుకుపోవడం నా పని. మిగిలిన రోజుల్లో భజన గుడిలో పురాణం చదివి అర్థం చెబుతాను.

మాల కోసం నా దగ్గరకు కొందరు భక్తితో వస్తారు. కొందరిని భార్యలు వెంటబెట్టుకొస్తారు. మెడలో మాల ఉన్నన్నాళ్లు మందు ముట్టకూడదు కాబట్టి, తాగే మొగుడికి మా వైపు ఆడవాళ్లకు తెలిసిన వైద్యం ఇదే. ఈ విషయంలో నాకు మొదటి నుంచీ ఒక ఆశ్చర్యం ఉంది. ఏడాదంతా ఎవరు చెప్పినా వినని మనిషి నల్లబట్ట కట్టిన పొద్దున ఎలా మానేస్తాడు? కొండ దిగి మాల తీసిన తర్వాత, ఇల్లు చేరకముందే మళ్లీ ఎలా మొదలుపెడతాడు? అంతవరకు వాడిని పట్టి ఉంచింది ఏది, అది ఎక్కడికి పోయింది? పిలుపులో ఉందేమో అనుకునేవాడిని. మాల వేసుకున్నవాడిని కన్నతల్లి కూడా స్వామీ అనే పిలవాలి. ఏడాదంతా తాగుబోతు అనిపించుకున్నవాడికి ఆ ఒక్క మాటే చాలా బలమై ఉండవచ్చు. కానీ అందరికీ ఆ బలం సరిపోదని మా చెల్లెలి భర్త విషయంలో తెలిసింది.

అతను సోలార్ పార్కులో సెక్యూరిటీ పని చేస్తాడు. చెల్లెలు అక్కడే పలకలు కడిగే పనికి పోతుంది. చేను పలకల కిందకు పోయాక అతనికి పొద్దు గడవడం కష్టమైంది. చేసే పని లేని భూమికి కాపలా కాయడమేమిటని నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వుతోపాటే తాగుడు పెరిగింది. చివరికి పొద్దున లేవగానే తాగితే తప్ప చేతులు నిలిచేవి కావు. పోయిన ఏడు కార్తీకంలో చెల్లెలు అతన్ని నా దగ్గరకు తీసుకొచ్చింది. మాల వేశాను. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు.

రెండు మూడు రోజులకే, పొద్దున చన్నీళ్ల స్నానం అయ్యాక పూజలో నిలబడి ఉండగా అతని ఒళ్లంతా వణకసాగింది. కళ్లు పెద్దవి చేసి పలకల వైపు చూపిస్తూ అరిచాడు.

"నీళ్లొస్తాండాయి. పక్కకు రండప్పా, నీళ్లొస్తాండాయి."

ఎండుటాకు తడవని చోట నీళ్లనే మాట వింటే మనసు ఎటు పోతుందో మా సీమవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. స్వామి ఒంటి మీదకు వచ్చాడన్నారు. కర్పూరం వెలిగించారు. భజన గుడి నిండిపోయింది. ఏ దిక్కు నుంచి వస్తాయని ఒకరు, ఈ ఏడు బోరు వేయించవచ్చా అని ఇంకొకరు చేతులు జోడించి అడిగారు. నేనూ శరణు చెబుతూనే నిలబడ్డాను. దేవుడు పలికేటప్పుడు మనిషి ఎలా ఉంటాడో దగ్గర నుంచి చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అతని చెమట, ముఖం, గాలిలో దేన్నో ఏరుతున్న వేళ్లు, అన్నీ చూశాను.

చెల్లెలు మందిని తోసుకుంటూ వచ్చింది. భర్త ముఖం కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"ఇది స్వామి కాదన్నా. స్వామి వచ్చింటే భయమెందుకు పడతాడు? ఈయన భయపడతాండాడు."

ఇన్నేళ్లు పురాణం చదివినా అంత సూటి అర్థం నేనెప్పుడూ చెప్పి ఉండను. కర్పూరం ఆర్పించి ఆటోలో పావగడ తీసుకుపోయాము. తాలూకు ఆసుపత్రిలో సూది వేశారు కానీ, ఇలాంటి రోగిని ఉంచుకునే ఏర్పాటు తమ దగ్గర లేదని చెప్పి, అక్కడి నుంచి దూరపు పట్నానికి అంబులెన్సులో పంపారు. దారి పొడుగునా అతను నీళ్లలో మునిగిపోతున్నానని కేకలు పెడుతూనే ఉన్నాడు. బతికాడు. పట్నంలో ఉండి పూర్తిగా వైద్యం చేయించుకోవాలని అక్కడివాళ్లు చెప్పారు. తోడుంటే చెల్లెలికి పని పోయేలా ఉంది. ఒక్కడే ఉండలేక అతను సగంలో వచ్చేశాడు. ఉగాది నాటికి మళ్లీ తాగుతున్నాడు.

జిల్లా నుంచి మనోవైద్యం చేసే డాక్టరమ్మ ఒకామె అప్పుడప్పుడు పావగడ వస్తారు. కన్నడం యాసతో మన తెలుగు బాగానే మాట్లాడతారు. దేవుడు వచ్చిన వణుకుకూ, మందు మానిన వణుకుకూ తేడా ఎలా తెలుస్తుందని ఆమెను అడిగాను. ఆమె నవ్వలేదు. దేవుడి సంగతి తనకు తెలియదన్నారు. రోజూ బాగా తాగే ఒంటికి ఒక్కసారిగా మందు ఆపేస్తే మెదడు అలా చెదిరిపోతుందని, ప్రాణం కూడా పోవచ్చని చెప్పారు. ఇంకోసారి అతను తనంతట తాను మానేయకూడదని, మంచం మీద ఉంచి, ముందే మాత్రలు మొదలుపెట్టి మాన్పించాలని అన్నారు. అలాగని తాగుతూ పోతే కాలేయం ఎక్కువ కాలం ఆగదని కూడా అన్నారు. తర్వాత ఆమె నన్ను అడిగిన ప్రశ్న నాకిప్పటికీ ఇష్టం. మాల వేసుకున్నవాళ్లు అన్నాళ్లు ఎలా నిలబడతారు, తన మాత్రలు చేయలేనిది అందులో ఏముంది అని.

చెల్లెలి మొగుడు మాత్రం అప్పటికే కార్తీకం కోసం చూస్తున్నాడు. ఈసారి కూడా మాల వేసుకుంటాననీ, అప్పుడైతే మానగలననీ అంటున్నాడు. ఇంటి దగ్గరలో ఒక ఆసుపత్రి మంచం దొరకకపోతే ఈ కార్తీకం అతని ప్రాణం మీదకు వస్తుందని చెల్లెలికీ నాకూ తెలుసు.

ఊళ్ల బాగు కోసమని సోలార్ పార్కు తరఫున వచ్చే డబ్బు మా పంచాయతీకి అందింది. ఏం కట్టాలో గ్రామసభలో తేల్చాలి. దీక్ష స్వాములకు రేకుల కొట్టం బదులు మంచి మంటపం కావాలని మా భజన బృందమే ముందు అర్జీ పెట్టింది. ఊరి మొగదలలో కమాను కట్టించాలని కొందరు కోరారు. అప్పుడు చెల్లెలు లేచింది. మా ఊరి చిన్న ఆరోగ్య కేంద్రం పక్కన వాడకుండా పడి ఉన్న క్వార్టర్సు బాగు చేయించి, మంచాలు వేసి, తాగుడు మానాలనుకునేవాళ్లకూ మనసు బాగాలేనివాళ్లకూ వైద్యం పెట్టించమని అడిగింది. నర్సులు ఆ పక్కనే ఉంటారు, గది ఉంటే డాక్టరమ్మ వారం వారం వస్తానన్నారు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు అని వివరంగా చెప్పింది.

సభ గొల్లున నవ్వింది. వెనక నుంచి ఒకాయన, "తాగుబోతులకు పంచాయతీ దుడ్డా? అట్లయితే బ్రాందీ షాపు గూడా మనమే పెడదాం పదప్పా" అన్నాడు. ఆ నవ్వు నన్ను పెద్దగా బాధపెట్టలేదు. దాని తర్వాత పంచాయతీ అధ్యక్షుడు మెల్లగా అన్న మాట ఆలోచింపజేసింది.

"కట్టిస్తామమ్మా. ఆడికి ఎవరు పోతారు? గడప తొక్కినోడి సంగతి మాపటికి ఊరంతా తెలిసిపోతాది. గదికి బీగమే గతి."

అది నిజం. నా దగ్గరకు మాలకు వచ్చేవాడు భక్తుడిగా వస్తాడు. ఆ గదికి వెళ్లేవాడు తాగుబోతుగా వెళ్లాలి. ఇన్నాళ్లూ నేను వెతికిన జవాబులో ఒక ముక్క నాకు అక్కడ దొరికినట్టయింది. నేను లేచి, మంటపం ఇప్పటికి వద్దన్నాను. పాలకడలి చిలికినప్పుడు ముందు ఏం వచ్చిందని సభను అడిగాను. మా భజన మందికి తెలియని కథ కాదు, విషమని అందరూ అన్నారు. ఆ విషాన్ని పట్టుకునేవాడు పక్కన ఉన్నాడు కాబట్టి ఆ తర్వాత అమృతం చూశారు, మానిన ఒంట్లో కూడా ముందు పైకి వచ్చేది విషమే, పట్టుకునే చోటు మన ఊళ్లో లేదు అన్నాను. తర్వాత ఈ మాట చెప్పాను.

"ఈ కార్తీకం నుంచి మాల వేసుకునే ప్రతి స్వామీ ముందు ఆ గదిలో డాక్టరమ్మ దగ్గర కూసోని రావాల. తాగేటోడైనా, తాగనోడైనా. అందరికంటే ముందు నేను పోతా."

మా మందిలో పెద్దాయన ఒకరున్నారు. జీవితంలో చుక్క ముట్టి ఎరుగరు. ఆయన అందుకుని, "నా టీ మాన్పించకుంటే నేనూ వస్తాలేప్పా" అన్నారు. సభ మళ్లీ నవ్వింది. ఈ నవ్వులో చెల్లెలు కూడా కలిసింది. మంటపం పోయిందని కోపం వచ్చి కొందరు ఆ రోజే లేచి వెళ్లిపోయారు. వాళ్లు ఈ ఏడు అరసికెరెలో ఇంకో గురుస్వామి దగ్గర మాల వేసుకున్నారు. స్వామి ఎక్కడైనా స్వామే. తీర్మానం మాత్రం గదికే జరిగింది.

గది తయారయింది. కార్తీకం ముందు మేమంతా నల్లబట్టల మూటలు చంకన పెట్టుకుని ఆ వరండాలో కూర్చున్నాము. ఎవరు దేని కోసం వచ్చారో చూసేవాళ్లకు తెలియలేదు. మొదట లోపలికి పోయింది నేను. అడగడానికి ఏముంటుందిలే అనుకున్నాను. నిద్ర ఎలా పడుతోందని డాక్టరమ్మ అడిగారు. చేను పోయినప్పటి నుంచి తెల్లవారకముందే మెలకువ వస్తుందని, లేచి ఎటు పోవాలో తోచదని చెప్పాను. ఆ మాట నేను భార్యతో కూడా అనలేదు. ఎందుకు చెప్పానో నాకే వింతగా ఉంది. మళ్లీ రమ్మన్నారు, వెళుతున్నాను.

చెల్లెలి మొగుడు ఇప్పుడు ఆ గదిలో మంచం మీద ఉన్నాడు. చెల్లెలు పలకలు కడిగి వస్తూ, దారిలోనే కాబట్టి, క్యారియరు ఇచ్చి కాసేపు కూర్చుంటోంది. వణుకు వచ్చింది కానీ పోయిన ఏడులా రాలేదు. ఈ పొద్దున నేను వెళ్లేసరికి కిటికీలోంచి పలకల వైపు చూస్తున్నాడు. నీళ్లు కనిపిస్తున్నాయా అని అడగాలనిపించింది. నన్ను చూసి అతనే అన్నాడు.

"పలకలే బావా. వట్టి పలకలే."

అతని మాల మా ఇంట్లో స్వామి పటానికి వేసి ఉంది. డాక్టరమ్మ సరేనన్న రోజు అతని మెడలో వేస్తాను. కొండ దిగి ఆ మాల తీసిన తర్వాత ఏమవుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఈసారి మాల తీసినా గది ఇక్కడే ఉంటుంది.

ఇది చదువుతున్న మీరు ఏ దేవుడిని కొలిచేవారైనా సరే, ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. స్వామీ, ఆ మంచం మీద ఉన్నవాడి భయం తీసెయ్యి. అతన్ని చూసి ఇంకొకడు ఆ గడప తొక్కే ధైర్యం ఇవ్వు. శరణు.