మూడో రింగు

రేవులో మా సిగ్నల్ గదికి తారు వాసన ఎప్పుడూ ఉంటుంది. అందులో ఫోను మోగితే కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. నా చెయ్యి మాత్రం కదలదు. ఒకటి, రెండు. మూడోదానికి ఎత్తుతాను. "చెయ్యి బరువెక్కిపోనాదేటి దాదా?" అని తోటివాళ్లు ఎక్కిరిస్తారు. వాళ్లకి రాజ్యలక్ష్మి గారు తెలియరు.

మాది శ్రీకాకుళం వైపు. ఏడో తరగతిలో నేను బడి మానేస్తే మాస్టర్లే ఊపిరి పీల్చుకున్నారు. బెంగాల్లో ఈ ఖిదిర్‌పూర్ రేవుకు మూటలు మోయడానికి వచ్చాను. ఓ సెలవురోజు రేవు పక్కనే ఉన్న ఏక్‌బాల్‌పూర్‌లో మూడో అంతస్తుకి పుస్తకాల బీరువా ఎక్కించాను. అది రాజ్యలక్ష్మి గారిది. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరై, ఒంటరిగా ఉండేవారు. ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో ఏదో అని నవ్వారు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేసి నావైపు తిరిగారు.

"ఏం అర్థమైందని నవ్వావు?"

"మీరొక్కరే నవ్వితే బాగోదనమ్మా."

ఆ జవాబుతోనే నాకు చదువు మొదలైంది. క్రేను సిగ్నల్ పనికి ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తారని, నాకు ఆ పని కావాలని చెప్పాను. ఇంగ్లీషంతా తన వల్ల కాదన్నారు. ఒక్క పికప్ అనే మాట పట్టుకుని దాని వెంట తిరగమన్నారు. నాకు తెలిసిన పికప్ మోటారు సైకిలుకు ఉండేదే. ఆవిడ పెట్టిన పద్ధతి ఏమిటంటే, రోజూ నాలుగింటికి రేవు నుంచి ఫోను చేసి, ఆ రోజు కళ్లతో చూసినదాంట్లోంచి ఆ మాటతో ఒక వాక్యం చెప్పాలి. క్రేను సరుకు బేలును ఎత్తడం ఒకరోజు, నది మీద గాలి పెరగడం ఒకరోజు, మెటియాబ్రుజ్ పేటలో మావాళ్లని ఎక్కించుకునే లారీ ఇంకోరోజు, జ్వరం నుంచి తేరుకున్న బావ మరోరోజు. నీకు బెంగాలీ ఎవరు నేర్పారని ఒకసారి అడిగారు. ఎవలూ లేరమ్మా, అలా అంటుకుంది అన్నాను. అదీ పికప్పేనన్నారు.

మొదట్లో ఆవిడ హలో అనగానే నా నోరు ఎండిపోయేది. అందుకే నియమం మార్చారు. "మొదటి రింగు నీ కంగారుకి. రెండోది వాక్యం కూర్చుకోవడానికి. మూడోదానికి నేనుంటాను." ఏడు నెలల్లో ఒక్కరోజూ తప్పలేదు.

పరీక్ష రోజు నాలుగింటికి ఆఫీసు వరండాలో ఉన్నాను. తరువాతి పేరు నాది. ఫోను చేశాను. మూడు, నాలుగు, ఏడు. మళ్లీ చేశాను. అంతే. లోపల నా పేరు పిలిచారు. ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ అవకాశం ఎప్పుడో చెప్పలేనని గుమాస్తా బెంగాలీలో అన్నాడు. నాతో వచ్చిన మావ సన్నిబాబు భుజం పట్టుకున్నాడు.

"బజారుకెళ్లుంటాదిరా. ముందు నోపలికెళ్లు."

"నాలుగింటికి ఎక్కడికీ ఎల్లదు మావా."

పరుగెత్తాను. ఆటోలన్నీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాయి. దారంతా ఫోను చెవికి ఆనించే ఉంది. ఆవిడ తలుపు దగ్గరికి చేరేసరికి లోపల మోగుతూనే ఉంది. ఆ మోతతో పాటు గ్లాసేదో నేల మీద దొర్లుతున్న చప్పుడు. బీరువా మోసిన భుజంతోనే గడియ ఊడగొట్టాను. కుర్చీకీ బల్లకీ మధ్య పడి ఉన్నారు. ఎడమ చెయ్యి ఫోను వైపు చాచి ఉంది. జానెడు దూరం.

పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి, మాట పోయాయి. నేను నాలుగింటికి ఆసుపత్రి వరండాలోంచి ఆవిడ మంచం పక్కన పెట్టిన ఫోనుకు చేసేవాణ్ణి. ఇదేం వేళాకోళమని నర్సు తిట్టేది. ఎడమచేత్తో తడుముకుని ఆవిడ ఎత్తేసరికి పదకొండో రింగు, ఒక్కోసారి పద్నాలుగు. నేను వాక్యం చెప్పేవాణ్ణి. అవతల ఊపిరి మాత్రం వినబడేది. డిశ్చార్జి అయ్యాక కూడా మానలేదు. రెండు నెలల తర్వాత ఒకరోజు మూడోదానికి ఎత్తారు. చాలాసేపటికి ఒక మాట వచ్చింది.

"ప...రీక్ష?"

"మళ్లీ పెడతారమ్మా."

"వె...ళ్లు."

రెండేళ్లకు పెట్టారు. అప్పటికి ఆవిడ లేరు. పికప్ అనే మాటతో ఒక వాక్యం చెప్పమని అడుగుతారని నేనూ అనుకోలేదు, వాళ్లూ అడగలేదు. ఏదైనా మాట్లాడమన్నారు. ఆవిడ మూడో రింగుకి ఫోను ఎత్తారు అని ఆ మాటతోనే ఇంగ్లీషులో చెప్పాను. ఇది రేవు పనికి సంబంధించిందేనా అని ఆఫీసరు అడిగాడు. అవును సార్ అన్నాను. జోకులేసే నోటితో అబద్ధం కానిది అంత సూటిగా చెప్పడం అదే మొదటిసారి.

అందుకే ఆగుతాను. అవతల ఎవరైనా కొత్తవాడు నోరెండి నిలబడి ఉండవచ్చు. మొదటి రెండు రింగులూ వాడికి వదిలేస్తాను.