యాదమ్మ పారబోసిన నీళ్లు

2018 మే నెల. ఎల్బీనగర్‌లో మెట్రో స్తంభాలు లేచాయి, రైళ్లింకా మొదలవలేదు. అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని. రోగి ఇంటి సంగతులు కనుక్కొని, కేస్ హిస్టరీ రాసి డాక్టరుకివ్వడం నా పని.

పిల్లల వార్డులో మీర్‌పేట్ నుంచి వచ్చిన రెండేళ్ల పాప. డీహైడ్రేషన్, అంటే ఒంట్లో నీరు ఇంకిపోవడం. ఏడ్చినా కన్నీళ్లు రావడం లేదు. సెలైన్ ఎక్కుతోంది. నర్సు నీళ్లు తెచ్చిన ప్రతిసారీ నాయనమ్మ యాదమ్మ గ్లాసు లాక్కొని పారబోస్తోంది.

"రెండు దినాలు క్యాన్ నీళ్లు రాలే. బోరు నీళ్లు కాచి తాపమన్న. చుక్క పొయ్యలే," అంది కోడలు స్వరూప. "ఇగ ఈమెను పిల్ల దగ్గరికి రానియ్య సార్. పిచ్చి దవాఖానలేస్తరో, ఏం జేస్తరో మీ ఇష్టం."

ఫారం ప్రకారం యాదమ్మను అడిగాను. "మీకేమైనా జబ్బుందా అమ్మా?"

"నాకేం రోగం?"

పాత జబ్బుల గడిలో 'నిల్' అనీ, కింద 'నీళ్లంటే అకారణ భయం' అనీ రాశాను. ఆమెను సైకియాట్రీకి పంపడానికి డాక్టరు ఆ కాగితం మీదే పెన్ను పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. 'అకారణ' అన్న మాట నాది, ఆమెది కాదు.

మా చదువులో ఒక జర్మన్ తత్వవేత్త పాఠం ఉండేది. ప్రకృతిని కారణాలు చూపి వివరించవచ్చు. మనిషినీ, చరిత్రనూ మాత్రం బతికిన బతుకు లోపలి నుంచి అర్థం చేసుకోవాలన్నది ఆయన పద్ధతి. పరీక్షకు బట్టీపట్టి వదిలేశాను. ఆ రోజు గంట గడువడిగి, ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"మీ ఊళ్లో నీళ్లెట్లుండేవి?"

"మాది నల్లగొండ దిక్కు. ఊర్ల బోరు పడ్డనాడు కొబ్బరికాయలు కొట్టినం. పెద్ద కొడుక్కి నా చేతితోనే తాపిన. ఏడేండ్లకు కాళ్లు వంకర్లు పోయినయి. మెడ తిరగకపాయె. ఇరవై నిండకుండనే పోయిండు."

స్వరూప తలెత్తింది. "నాకీ ముచ్చట ఎవ్వరు చెప్పలే."

నేను గ్లాసెత్తి తాగి చూపించాను. యాదమ్మ నవ్వింది.

"ఇయ్యాల తాగితే ఇయ్యాల్నే తెలుస్తదా సారూ? పదేండ్లకు తెలుస్తది."

నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుందని నేనూ చదివినవాణ్నే.

"ఇవి బోరువి కావమ్మా, కృష్ణా నీళ్లు" అని సంపు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె నన్ను వదిలేసి ప్లంబర్‌ని నిలదీసింది. "బోరు కలుపుతరా? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

"కలపమవ్వా. బోరు బాత్రూములకే."

తిరిగొచ్చి తనే చెంచాతో పోసింది. కోడలు పాప తల పట్టుకుంది. పాప మింగింది.

కాగితం చించి, ఆమె మాటలే రాసిచ్చాను. డాక్టరు సైకియాట్రీ ఊసెత్తలేదు.

అడిగినదానికి జవాబొస్తే మనిషి తెలిసినట్టు కాదని ఆ కేసు నేర్పింది. ఇంట్లో ముప్పై ఏళ్ల డైరీలున్నాయి, అన్నిటిలోనూ నేను ముగించిన కేసులే. ఇంకెందరి గురించి 'అకారణ' అని రాశానోనని చాలా రోజులు వాటిని తెరవడానికి భయపడ్డాను. అందులోని వాళ్లను వెతికి, పక్కన కూర్చుని, మళ్లీ అడగలేను.