చూసింది చూసినట్టు కొట్టాం

ఆ వ్యాసం రాసింది నేనే. అది పోవడానికి కారణమూ నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

వికారాబాద్‌లో ఒక ఎరువుల దుకాణం పైఅంతస్తులో మా ఆఫీసు ఉండేది. హైదరాబాద్ ఆసుపత్రుల్లో చేత్తో నింపిన ఫారాలు మా కంప్యూటర్లకు వచ్చేవి. వాటిని టైపు కొట్టి పంపడం మా పని. బోర్డు మీద 'నియర్‌షోర్ ఔట్‌సోర్సింగ్' అని ఉండేది. పనిని ఎక్కడో దూరదేశానికి కాక దగ్గరి చోటికి అప్పగించడమని యజమాని అర్థం చెప్పాడు. ఏడేళ్లు నడిచాక ఒకరోజు పొద్దున వెళ్లేసరికి తాళం వేసి ఉంది. యజమాని ఫోను ఎత్తలేదు. ఎవరి చేతికీ అనుభవ పత్రం రాలేదు.

నా కింద పనిచేసిన పదిమందిలో నాకు బాగా దగ్గరైంది తాండూరు అమ్మాయి. వాళ్ల అబ్బాది, అంటే నాన్నది, నాపరాళ్లు పాలిష్ చేసే పని. ఆమె రోజూ రైల్లో వచ్చి పోయేది. ఆఫీసు మూతపడ్డాక హైదరాబాద్‌లో మూడు ఇంటర్వ్యూలకు వెళ్లింది. ఏం పని చేశావని అడిగి, ఆమె చెబితే, అలాంటిదొకటి ఉంటుందా అన్నట్టు చూశారట.

"అక్కా, ఫోన్ల చూపియ్యనీకి ఏదన్న ఉంటే మంచిగుంటుండె. నేను అబద్ధం చెప్తలేనని వాళ్లకు ఎరుకైతుండె" అంది.

అందుకని ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వంలో నియర్‌షోర్ ఔట్‌సోర్సింగ్ గురించి వ్యాసం రాశాను. అక్కడ ఎవరైనా రాయవచ్చు. ఆ పని ఎలా చేస్తారో వివరించి, వికారాబాద్ వంటి ఊళ్లలోనూ ఇది జరిగిందని ఒక వాక్యం చేర్చాను. ఆమె దాన్ని చుట్టాలందరికీ పంపుకుంది. నాలుగో ఇంటర్వ్యూ సోమవారం ఉందని, ఈసారి ఫికర్ లేదని చెప్పింది.

వారం తిరక్కుండానే వ్యాసం నెత్తిన తొలగింపు నోటీసు పడింది. ఇది ప్రకటనలా ఉంది, ఈ మాటను పొరుగు దేశానికి పని ఇవ్వడానికి వాడతారు గానీ పక్క ఊరికి కాదు, అచ్చయిన ఆధారం ఒక్కటీ లేదు అని ఎవరో రాశారు. ఉంచాలా వద్దా అని చర్చ తెరిచారు. ఆధారం కోసం నేను వెతకని చోటు లేదు. ప్రారంభోత్సవం నాటి పేపరు ముక్క ఒకటి దొరికింది. అందులో రిబ్బను కత్తిరించినవాళ్ల పేర్లున్నాయి. మేం చేసే పని గురించి ఒక్క మాట లేదు.

మా వైపు ఏదైనా తగువు వస్తే నలుగుర్ని వెంటేసుకుని వెళ్లడం అలవాటు. నేనూ అదే చేశాను. మా పదిమందినీ ఖాతాలు తెరిచి, వ్యాసం ఉంచాలని చర్చలో రాయమన్నాను. ఎలా రాయాలో తెలియడానికి వాట్సాప్ గ్రూపులో ఒక నమూనా పెట్టాను. దాని కింద 'మీ సొంత మాటల్లో రాయండి' అని కూడా పెట్టాను.

మా పని పద్ధతి ఇక్కడ చెప్పాలి. ఒకే ఫారాన్ని ఇద్దరు విడివిడిగా కొట్టేవారు. రెండూ కామాతో సహా కలిస్తేనే పాసు. కలవకపోతే ఎవరో ఒకరిది తప్పు. వాళ్లకు పని నేర్పింది నేను. "బుర్రను చెప్పుల కాడ ఇడిసి రాండ్రి. కాయిదంల తప్పుంటే తప్పే కొట్టాలె" అనేదాన్ని. ఒకసారి ఫారంలో వయసు తప్పు పడిందని తాండూరు అమ్మాయి దాన్ని దిద్దింది. దిద్దింది సరైనదే. అయినా అందరి ముందు ఆమెను తిట్టి ఏడిపించాను.

మర్నాటికి పదిమందీ చర్చలో రాశారు. పదీ ఒక్కటే. అక్షరం తేడా లేదు. ఇద్దరైతే 'మీ సొంత మాటల్లో రాయండి' అన్నది కూడా టైపు కొట్టి పెట్టారు.

ఇవన్నీ ఒకే మనిషి తెరిచిన దొంగ ఖాతాలని ఆ సైటు నిర్వాహకుడు తేల్చాడు. పది వాక్యాల మీదా గీతలు పడ్డాయి. శనివారం వ్యాసాన్ని తీసేశారు. వాళ్లు నిజంగా పదిమంది మనుషులని నేను మొత్తుకున్నాను. "కావచ్చండీ. కానీ ఇక్కడ చూసేది ఆధారాలను, ఎంతమంది అన్నారని కాదు" అని జవాబిచ్చాడు. మర్యాద తప్పలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన మాటలో తప్పు లేదని తెలిసేసరికి నాకు ఏడుపొచ్చింది.

సోమవారం ఆమె ఇంటర్వ్యూకు వెళ్లలేదని విని, మధ్యాహ్నం రైలెక్కి తాండూరు వెళ్లాను. గుమ్మంలో కూర్చుని పెసలు ఏరుతోంది.

"పోయి ఏం చూపియ్యాలె అక్కా?" అంది. ఫోను నా ముందు పెట్టింది. "నేను రెండుసార్లు చూస్కున్న. ఒక్క అక్షరం తప్పు పోలే. మల్ల నా లైను మీద గీత ఎందుకు కొట్టిర్రు?"

ఆఫీసులో ఎవరైనా ఇలా అడిగితే రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి, తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించేదాన్ని. ఆమె దానికోసమే చూస్తోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. నా నమూనాను, ఆమె వాక్యాన్ని మాట మాటా కలిపి చదివాను.

"తప్పేం లేదే" అన్నాను.

"మల్ల?" అంది.