అత్తగారు మంచిదైన వారం

డిస్కుల పిన్నికి ఇద్దరు అత్తగార్లు. మొదటావిడ కట్టుకున్నవాడి తల్లి. కోడల్ని పల్లెత్తు మాట అనకుండానే కాలం చేసింది మహాతల్లి. రెండో ఆవిడ దుకాణంలో బల్లమీద కూర్చుని ఉంటుంది. నల్లటి పాత డీవీడీ ప్లేయరు. డిస్కు పెట్టగానే మూలుగుతుంది, కాసేపు గరగరలాడుతుంది, చివరికి ఏదో వంక పెట్టి బయటికి నెట్టేస్తుంది. ఎంత చేసినా మెప్పన్నది లేదు కనుక పిన్నే దానికి అత్తగారని పేరు పెట్టింది. పేరు పెట్టాక విసుక్కోవడం కూడా మానేసింది. అత్తగారన్నాక వంక పెట్టదా మరి.

దుకాణమంటే పెద్ద దుకాణమనుకునేరు. మూడంతస్తుల మేడలో మెట్ల కింది గది. ముందు సగంలో ఆవిడ భర్త మిక్సీ బాబాయి, చుట్టూ మిక్సీలూ ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ విప్పి పరుచుకుని కూర్చుంటాడు. వెనక సగంలో పిన్ని, ఒక కంప్యూటరు, ఒక టీవీ, అత్తగారు. మధ్యలో గోడ లేదు, బాబాయి సామాను గుట్టే గోడ. విరిగిన స్విచ్చి, తెగిన తీగ, అరిగిన చక్రం, ఏదీ పారెయ్యడు. పాత బిస్కెట్ల డబ్బాలు ముప్పయి పైగా ఉన్నాయి, వాటి నిండా ఇవే.

"ఈ చెత్త ఎప్పుడు పారేస్తారండీ" అని పిన్ని పెళ్లయిన దగ్గర్నుంచీ అడుగుతోంది. "ఎందుకైనా పనికొస్తాయే" అని ఆయన పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతున్నాడు.

ఈ రోజుల్లో డిస్కులు ఎవరికి కావాలి అని మీకు అనుమానం రావచ్చు. పిన్ని చెల్లెలు కూడా నెలకోసారి అదే అడుగుతుంది. కావలసినవాళ్లకు కావాలి. ఒక్క మీట నొక్కడం మాత్రమే తెలిసిన ముసలమ్మలకు కావాలి. వంతు కోసం కూర్చున్నవాళ్లు గోళ్లు కొరుక్కోకుండా పళ్ల డాక్టరుకు కావాలి. ఫోన్లు లోపలికి రానివ్వని హాస్టలు వార్డెనమ్మకు కావాలి. పాత టేపుల్లోంచి, గీతలు పడ్డ పాత డిస్కుల్లోంచి ఎవరిచేతో ఫైళ్లు తీయించుకుని, చిటికెన వేలంత పెన్‌డ్రైవులో పెట్టుకుని వస్తారు. ఆ ఫైలును అలాగే డిస్కులోకి దింపేస్తే కంప్యూటరు ఆడిస్తుంది కానీ, టీవీ కింద ఉండే ప్లేయరు ఆడించదు. అదేమిటమ్మా అని అడిగినవాళ్లకు పిన్ని ఒకటే చెబుతుంది.

"కంప్యూటరు కాలేజీ చదివిన పిల్ల. ఎవరి రాతైనా చదివేస్తుంది. ప్లేయరు కూడబలుక్కుని చదివే ముసలావిడ. ఆవిడకి తెలిసిన అక్షరాల్లో, నిదానంగా, గుండ్రంగా రాసిపెట్టాలి."

అంటే ఫైలును ప్లేయరుకు అర్థమయ్యే పద్ధతిలోకి మార్చాలి. డిస్కు మీదికి అన్నిటికన్నా తక్కువ వేగంతో ఎక్కించాలి. చివర్లో ఇక రాసేదేమీ లేదని డిస్కును మూసెయ్యాలి. ఆ మూయడం మరిచారో, పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ విద్య ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఫొటో స్టూడియోలో రసీదులు రాసే ఉద్యోగం చేసేది. స్టూడియో మూసేసిన రోజున యజమాని పాత కంప్యూటరు పట్టుకెళ్లమన్నాడు. మొదటి పదకొండు డిస్కులూ పాడుచేసింది. వాటిని దారానికి గుచ్చి, పావురాలు రాకుండా దుకాణం కిటికీకి కట్టింది. ఆ డిస్కులు ఇప్పటికీ ఉన్నాయి. పావురాలు కూడా ఉన్నాయి, వాటికి అలవాటైపోయింది.

అప్పటినుంచీ పందొమ్మిదేళ్లుగా ఒకటే నియమం. చేసిన ప్రతి డిస్కూ అత్తగారికి పెట్టాలి. మొదట్లో కొంచెం, మధ్యలో కొంచెం, చివర్లో కొంచెం చూడాలి. అత్తగారు ఒప్పుకుందంటే ఊళ్లో ఉన్న ప్రతి ప్లేయరూ ఒప్పుకున్నట్టే. అప్పుడు డిస్కు మధ్య బొక్క పక్కన ఎర్ర సిరాతో చిన్న చుక్క పెడుతుంది. చుక్క పడ్డ డిస్కు ఆడలేదని తిరిగి వచ్చినవాళ్లు పందొమ్మిదేళ్లలో ఒక్కరు లేరు. పిన్నికి దానిమీద గర్వం ఉంది, ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఉంది. సాయంత్రం బాబాయి టీ పెట్టి తెస్తే, ఇద్దరూ ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లి చూస్తూ, ఎవరు ఎందుకు అలిగారో తేల్చుకుంటూ తాగుతారు. అంతకన్నా సుఖం ఏముంటుందని ఆవిడ నిజంగానే అనుకుంటుంది.

ఇలా ఉండగా ఒక సోమవారం పిన్ని చెల్లెలింటికి వెళ్లింది. వచ్చేటప్పుడు వంద ఖాళీ డిస్కుల డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. ఎప్పుడూ కొనే రకం దొరకలేదు, ఇంకేదో రకం ఇచ్చారు. పాత రకంవి రెండే సొరుగులో మిగిలాయి. మర్నాడు పొద్దున్న దుకాణం తెరిచేసరికి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మెడకు రుమాలు, చేతిలో పలక. పలకమీద ముందే రాసుకొచ్చాడు.

"గొంతుకు ఆపరేషన్ అయింది. మాట పోయింది. చెవులు బాగానే ఉన్నాయి, అరవక్కర్లేదు."

పిన్ని చప్పున గుర్తుపట్టింది. ముప్పయ్యేళ్లు ఆటల మైదానంలో మైకు ముందు కూర్చున్న కామెంటరీ మాస్టారు. ఆ గొంతు ఎదురుగాలిలో కూడా మూడు వీధుల దాకా వినిపించేది. నాలుగేళ్ల కిందట ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది, మనసు చివుక్కుమంది.

మాస్టారు తుడుస్తూ రాస్తూ విషయం చెప్పాడు. మైదానంలో సున్నంతో గీతలు గీసే పెద్దాయన ఈ ఆదివారం పని విరమిస్తున్నాడు. పొద్దున్న పది గంటలకు మైదానం పక్క హాల్లో సభ. ఇద్దరూ ప్రాణస్నేహితులు. అందరూ మాస్టారే మాట్లాడాలన్నారట, మాట లేదన్న సంగతి అలవాటుకొద్దీ మరిచిపోయి. తర్వాత నాలుక కరుచుకున్నారు. కానీ మాస్టారు సరేనన్నాడు. పదహారేళ్ల కిందట ఆ స్నేహితుడి గురించి తను మాట్లాడిన టేపు ఇంట్లో దొరికింది. పన్నెండు నిమిషాలు. దాన్ని ఫైలుగా తీయించాడు. హాల్లో ఉన్నది పాత ప్లేయరు, డిస్కు తప్ప ఏదీ తీసుకోదు.

పిన్ని ఫైలు ఆడించి చూసింది. మొదట ఎవరూ మాట్లాడరు. ఒక పెద్ద దగ్గు, తర్వాత మైకును రెండుసార్లు తట్టడం, ఆ తర్వాత నమస్కారం.

"ఈ దగ్గు తీసేస్తాను మాస్టారూ. నమస్కారం దగ్గర మొదలుపెడితే నిండుగా ఉంటుంది."

ఆయన పలకమీద రాశాడు. "ఉండనివ్వండి. అదీ నేనే." తుడిచి మళ్లీ రాశాడు. "తప్పకుండా ఆడుతుందా? ఆడకపోతే అందరి ముందూ ఉత్త నోరు తెరుచుకుని నిలబడాలి."

"మా అత్తగారి దగ్గర నెగ్గినదానికి ఇంకెక్కడా తిరుగుండదండీ. ఆడకపోతే ఈ దుకాణం బోర్డు పీకేస్తాను" అంది పిన్ని.

బుధవారం ఆయన డిస్కు తీసుకెళ్లాడు. ఫోన్ నంబరు అడిగితే, "ఎత్తి ఏం చెయ్యను?" అని పలకమీద రాసి, భుజాలు కుదుపుతూ చప్పుడు లేకుండా నవ్వాడు.

ఆ వారమంతా అత్తగారు మారిపోయింది. మూలుగు లేదు, గరగర లేదు. పెట్టిన ప్రతి డిస్కునూ మొదటిసారికే ఒప్పుకుంది. అత్త మంచీ వేము తీపీ లేవని సామెత ఉండనే ఉంది. సామెతలు ఊరికే పుడతాయా? పిన్ని అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు. తన చెయ్యి తిరిగిందనుకుని పొంగిపోయింది. శనివారం వార్డెనమ్మ వచ్చి డిస్కు ఆడలేదంటే, "మీ ప్లేయరుకే జబ్బు చేసిందమ్మా, చూపించుకోండి" అని సాగనంపింది. బాబాయి మాత్రం మిక్సీ విప్పుతూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు, ఏమిటో చెప్పడు.

ఆదివారం ఎనిమిదింటికి పళ్ల డాక్టరు దగ్గరి కాంపౌండరు వచ్చాడు. ఆడలేదు. ఆయన వెనకే చేతిసంచిలో డిస్కు పెట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. అదీ ఆడలేదు. రెండిటికీ ఎర్ర చుక్క ఉంది. పిన్ని రెండూ అత్తగారికి పెట్టి చూసింది. రెండూ శుభ్రంగా ఆడాయి.

పిన్ని డిస్కులు ఉంచుకుని వాళ్లను పంపించి, అత్తగారి వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది.

"ఏవండీ. దీన్ని మీరేమన్నా ముట్టుకున్నారా?"

బాబాయి మొహం వెలిగిపోయింది. వారం రోజులుగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. "కనిపెట్టావా మొత్తానికి. నీ పుట్టినరోజు వస్తోందిగా. రోజూ పాపం దాంతో నానా అవస్థా పడుతున్నావని, సోమవారం నువ్వు లేనప్పుడు కొత్త లెన్సు వేశాను. ఇప్పుడెంత మంచిగా..."

"కొంప ముంచారు కదండీ."

పిన్ని కుర్చీలో కూలబడింది. పందొమ్మిదేళ్లుగా ఊరిని కాపాడింది అత్తగారి గుడ్డితనం. మసకకళ్ల ముసలావిడకు కనపడేలా రాస్తేనే అందరికీ కనపడుతుంది. ఆవిడకు కొత్త కళ్లు పెట్టేసరికి, కొత్త డబ్బాలోని నాసిరకం డిస్కులన్నీ ముత్యాల్లా కనిపించాయి. పిన్ని వాటికి చుక్కలు పెట్టి ఊరిమీదికి వదిలింది. వార్డెనమ్మను దబాయించి పంపడం కూడా గుర్తొచ్చి సిగ్గుపడింది. అంతలో చటుక్కున గోడ గడియారం వైపు చూసింది. మాస్టారి డిస్కు కూడా ఆ డబ్బాలోదే. పది గంటలకు సభ. ఆయన ఇల్లెక్కడో తెలియదు, నంబరు లేదు.

"పాత లెన్సు ఏం చేశారు?" అని అడిగింది. "పారేశారా?"

ఆయన పారేసి ఉంటాడేమోనని ఆవిడ భయపడటం జన్మలో అదే మొదటిసారి.

"నేనా?" అన్నాడు బాబాయి, పాపం నిజంగా నొచ్చుకుని.

డబ్బాలు ఒక్కొక్కటీ బోర్లించారు. ఏడో డబ్బాలో, రెండు రేడియో మీటల మధ్య, కాగితంలో పొట్లం కట్టి ఉంది. ఆయన తొమ్మిదింటికల్లా బిగించాడు. అత్తగారికి పాత చూపు వచ్చేసింది. కాంపౌండరు తెచ్చిన డిస్కు పెడితే మూలిగి, గరగరలాడి, మొహాన కొట్టినట్టు బయటికి నెట్టింది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆ చీదరింపు ఇంత తియ్యగా ఉంటుందని ఎవరనుకున్నారు?

మాస్టారి ఫైలు కంప్యూటరులోనే ఉంది. సొరుగులో పాత రకం డిస్కులు రెండు. మొదటిది తొందరలో ఎక్కువ వేగంతో ఎక్కించేసింది. అత్తగారు సగం దాకా చూసి, ముందుకు పోనని మొరాయించింది. ఇక ఒక్కటే మిగిలింది. తొమ్మిదీ ఇరవై.

"ఇదిగో, నిదానంగానే కానియ్యి" అన్నాడు బాబాయి. "స్కూటరు నేను తొందరగా పోనిస్తాను."

పిన్ని అన్నిటికన్నా తక్కువ వేగం పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాబాయి స్కూటరు తీసి గుమ్మం ముందు నిలిపాడు. ఎక్కింది, మూసుకుంది. అత్తగారు మొదలు చూసింది, మధ్య చూసింది, చివర చూసింది, ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. పిన్ని చుక్క పెట్టింది. అప్పటికి పదికి అయిదు తక్కువ.

వాళ్లు వెళ్లేసరికి హాలు నిండిపోయి ఉంది, ఒక్కరూ మాట్లాడటం లేదు. పెద్ద టీవీ నీలంగా వెలుగుతోంది, దానిమీద 'డిస్కు లేదు' అన్న అర్థం వచ్చే నాలుగు ముక్కలు. కార్యదర్శి ప్లేయరు మీటలు నొక్కుతూ చెమటలు కక్కుతున్నాడు. వేదిక మీద మాస్టారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. పలక చేతిలో ఉంది కానీ దానిమీద ఏమీ రాయడం లేదు. ముందు వరసలో సున్నం పెద్దాయన స్నేహితుడి మొహం చూడలేక తల దించుకుని కూర్చున్నాడు.

పిన్ని ఎవర్నీ అడగలేదు. నేరుగా వెళ్లి, తన ఎర్ర చుక్క ఉన్న డిస్కును బయటికి లాగి, ఇప్పుడు చేసి తెచ్చినది పెట్టింది. "తప్పు నాదే మాస్టారూ" అంది, ఆయనకు మాత్రం వినపడేలా.

ప్లేయరు మూలిగింది. గరగరలాడింది. తర్వాత హాలంతా దద్దరిల్లేలా ఒక పెద్ద దగ్గు.

వెనక టీ బల్ల దగ్గర ఒకావిడ గ్లాసులు నింపుతోంది. తల ఎత్తలేదు, చేతిలో పని ఆపలేదు. "ముందు కాసిని మంచినీళ్లు తాగండి" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ మాస్టారి భార్య. అన్నాక గానీ తను ఏమన్నదో, ఎవరితో అన్నదో ఆవిడకు తెలియలేదు. టీ గ్లాసు అంచు దాటి పొర్లిపోతోంది. నాలుగేళ్లయింది ఆవిడ ఆ మాట అని.

వేదిక మీద మాస్టారు బల్లమీదున్న గ్లాసు అందుకుని, గటగటా నీళ్లన్నీ తాగాడు. టీవీలో మైకును రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.

"అందరికీ నమస్కారం" అంది ఆ గొంతు. "పరుగు పందెంలో మనం గీత దాటినవాణ్నే చూస్తాం. తెల్లారకముందే లేచి ఆ గీత గీసినవాడు ఒకడున్నాడు. ఇవాళ వాడి సంగతి మాట్లాడుకుందాం."

సున్నం పెద్దాయన తల ఎత్తాడు. మాస్టారి భార్య కెటిల్ కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చి, వేదిక పక్క కుర్చీలో కూర్చుంది. పన్నెండు నిమిషాలూ ఆవిడ టీవీ వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ వింది. పిన్నికి కళ్లు చెమర్చాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

తిరిగి వెళ్తుంటే బాబాయి స్కూటరు నిదానంగా పోనిచ్చాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "అయితే నీ పుట్టినరోజుకి ఏం చెయ్యమంటావు?"

"ఏమీ బాగుచెయ్యకండి, మీకు పుణ్యముంటుంది" అంది పిన్ని, ఆయన భుజం మీద చెయ్యి వేసి. మళ్లీ అంది. "దారిలో బిస్కెట్ల దుకాణం దగ్గర ఆపండి. నాలుగు ఖాళీ డబ్బాలు అడుగుదాం. మీ సామాను ఇరుకైపోతోంది."