పెద్దమ్మ పట్టపగలు మొదలుపెట్టిన కథ

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే పెద్దమ్మ కూతురు పద్మక్క ఫోన్.

"అమ్మ ఎల్లిపోనాదిరా."

అంతే. నా బుర్ర పనిచెయ్యలేదు. "ఎక్కడికి?" అని కూడా అడిగాను.

సత్యవతి పెద్దమ్మ. మా అమ్మకి పెద్దక్క. పోయింది విశాఖపట్నంలో గానీ, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో.

జానపద కథల మీద రీసెర్చ్ చేసింది. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి వేల కథలు రికార్డు చేసింది. అమెరికా వెళ్లి వాళ్ల సాహిత్యం చదివొచ్చి, ఇక్కడ ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పింది. చివర్లో యూనివర్సిటీ రిజిస్ట్రార్.

లోకో షెడ్ ఫిట్టర్ కూతురు!

ఇదంతా పేపర్లో వస్తుంది. రానిది నేను రాస్తున్నాను. ఎందుకంటే నేనొక తప్పు చేశాను.

పోయిన సోమవారం పట్టపగలు పన్నెండింటికి పెద్దమ్మ నాకొక కథ చెప్పబోయింది. నేను మధ్యలో ఆపేశాను.

మా ఇంట్లోవాళ్లకి ఈ మాటకే ఒళ్లు జలదరిస్తుంది. మిగతావాళ్ల కోసం చెప్తాను.

ఇంకా ఇంగ్లీషువాళ్లున్న రోజులు. పెద్దమ్మకి తొమ్మిదేళ్లు. అంట్లు తోమడానికి బుధ్వారిన్ బాయి అని ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ వచ్చేది. ఆవిడ దగ్గర లేని కథ లేదు. కానీ దీపం పెట్టాకే చెప్పేది. పగలు కథ వింటే మేనమామ దారి తప్పిపోతాడని ఇక్కడి నమ్మకం.

(అందుకే దీన్ని తెలుగు చదవడం రాని మన పిల్లలకి వినిపించేవాళ్లు పొద్దు పోయాకే వినిపించండి. నవ్వకండి.)

ఆ రోజు పెద్దమ్మ మంకుపట్టు పట్టింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేదు. ముసలావిడ విసిగిపోయి మొదలుపెట్టింది. చెరువులో తన నీడని మర్చిపోయి ఇంటికొచ్చేసిన పిల్ల కథ.

ఆ పిల్ల నీడ కోసం వెనక్కి బయల్దేరింది. కథ అక్కడికి వచ్చేసరికి అమ్మమ్మ లోపల్నుంచి కేకేసింది. కథ ఆగిపోయింది.

అదే రోజు అమ్మమ్మ తమ్ముడు అప్పల్రాజు మామ విజయనగరం నుంచి వస్తున్నాడు. రైలు టైముకే వచ్చింది. మామ బుట్ట పట్టుకుని దిగడం తాతయ్య స్నేహితుడొకాయన కళ్లారా చూశాడు. స్టేషన్ నుంచి క్వార్టర్‌కి పది నిమిషాల నడక.

మామ రాలేదు.

మర్నాడూ రాలేదు. డ్యూటీ దిగినవాళ్లంతా పట్టాల వెంట వెతికారు. తొమ్మిదేళ్ల పిల్ల తిండి మానేసి మూల కూర్చుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు బుధ్వారిన్ కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ముసలావిడ చేతులు కడుక్కుని, వరండాలో కూర్చుని, మిగతా కథ చెప్పింది. అది కూడా మిట్టమధ్యాహ్నమే.

కథ అయింది. గేటు తీసిన చప్పుడు.

"ఏటప్పా, అలగ చూస్తన్నావు? ఇప్పుడే కదా రైలు దిగినాను," అన్నాడట మామ, అమ్మమ్మతో.

గడ్డం పెరగలేదు. చొక్కా నలగలేదు. ఊర్నుంచి కట్టించుకొచ్చిన పెరుగన్నం, అంత ఎండలో, ఇంకా పులవలేదు.

"క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉన్నాయప్పా. ఎంత నడిచినా మీ నంబరు రానేదు. ఒకింట్లో ఎవురో కథ చెప్తన్నారు. ఎవుర్తో పిల్ల నీడ చెరువులో మర్చిపోనాదట. అది అయ్యాక దారి అడుగుదామని కిటికీ కాడ నిలబడ్డాను."

పెద్దమ్మ జీవితమంతా ఆ కిటికీ దగ్గరే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. రిజిస్ట్రార్‌గా ఉన్నప్పుడు కూడా, అరవడానికి వచ్చినవాళ్లని సైతం మధ్యలో ఆపేది కాదు. ఎవరి గోడైనా చివరిదాకా వినేది. మీటింగులు సాగి సాగి మెంబర్లకి నీరసం వచ్చేదట.

ఇంట్లో మాత్రం పగలు ఒక్క కథ చెప్పేది కాదు. "క్లాసులో అమెరికా కథలు పగలే చెప్తావు కదా?" అని ఏడిపిస్తే, "ఆ కథలకి మన క్వార్టర్ల దారి తెలీదు," అనేది. నవ్వకుండా.

అలాంటి మనిషి సోమవారం తనే ఫోన్ చేసింది.

"ఆ ఇంట్లో కథ చెప్తన్నది ఎవురో మామ నా ఒక్కదానికే చెప్పినాడురా. ఏ పుస్తకంలోనూ రాయనేదు. నువ్వు రాసుకో. కిటికీలోంచి చూస్తే లోపల..."

"పెద్దమ్మా, మీటింగ్ ఉంది. సాయంత్రం నేనే చేస్తాను."

చెయ్యలేదు. మంగళవారం కూడా చెయ్యలేదు. అచ్ఛా, రేపు చూద్దాం అనుకున్నాను.

నిన్నటి నుంచి నాకు ఒకటే భయం. చదువుకున్న మనిషిని, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. నా వల్ల పెద్దమ్మ ఎక్కడైనా నిలబడిపోయిందా?

ఇవాళ పొద్దున్న పద్మక్కని అడిగాను, చివర్లో పెద్దమ్మ ఏమైనా మాట్లాడిందా అని.

మాట్లాడిందట. నిన్న పదకొండింటికి కళ్లు తెరిచి మొదలుపెట్టిందట. తెలుగు కాదు. కూతురు కూడా ఎన్నడూ విననంత చిక్కటి ఛత్తీస్‌గఢీ. గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఒక్కో మాట చెప్పి ఆగేదట, ఎవరో ఊ కొట్టాలన్నట్టు. గదిలో ఎవరూ కొట్టలేదు. అయినా ఆవిడకి వినబడినట్టే తలాడించి, మళ్లీ అందుకునేదట. చూపు మాత్రం మూలనున్న ఖాళీ కుర్చీ మీద.

గంటసేపు అలాగే. తర్వాత తెలుగులో "అయిపోనాది" అని కళ్లు మూసుకుంది.

ఎవరికీ ఫోన్ తీసి రికార్డు చెయ్యాలని తోచలేదు.

నాకు చెప్పాల్సిన కథ పెద్దమ్మా. నేను వినకపోతే ఇంకెవరికో చెప్పుకున్నావు. ఈ తప్పు నాతోనే ఉంటుంది. కానీ నువ్వు పూర్తి చేశావు, నాకు ఆ ధైర్యం చాలు.

నీకు ఊ కొట్టినవాళ్లెవరో, వాళ్లే నిన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చాలి.

వెళ్లిరా పెద్దమ్మా. చల్లగా, హాయిగా ఉండు.